దారి తెలిసినావిడ

డ్రైవరు మూడోసారి అడిగాడు. పిచ్చుకకు మూడోసారీ అర్థం కాలేదు.

అరచేయి చాపింది. తనది కాని కోటు జేబులో తగిలిన చిల్లరంతా అందులో ఉంది. అతను విసుగ్గా రెండు బిళ్లలు ఏరుకుని, వెనక్కి వెళ్లమన్నట్టు తల ఊపాడు. ఈ దేశం వచ్చాక ఆమె బస్సెక్కడం ఇదే మొదలు.

పిచ్చుక అన్నది అక్క పెట్టిన పేరు. మనిషి పిడికెడు, మాటలు బుట్టెడు. ఆ బుట్టెడు మాటల్లో ఒక్కటీ ఇక్కడ చెల్లడం లేదు.

అక్క ఇదే ఊళ్లో ఒక పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. ఫోన్లో ఒక్కసారే చెప్పింది.

"పద్నాలుగో నంబరు ఎక్కు. వంతెన దాటగానే దిగెయ్. ఎదురుగా లాండ్రీయే. వెనక గదిలో ఉంటాను. ఎలాగోలా వచ్చెయ్యవే, మిగతాది నేను చూసుకుంటా."

వంతెన రాలేదు. ఇళ్లు పలచబడ్డాయి. చివరికి అందరూ దిగిపోయారు, డ్రైవరు ఇంజను ఆపేశాడు. నంబరు సరిగ్గానే చూసింది. ఎక్కింది మాత్రం అవతలి వైపు వెళ్లే బస్సు.

బస్టాపు బెంచీ మీద ఒక పెద్దావిడ ఊలు అల్లుకుంటోంది. పిచ్చుక వెళ్లి ఎదురుగా నిలబడింది.

"అమ్మగారూ, లాండ్రీ... మా అక్క..." అంటూ బట్టలు పిండినట్టూ ఇస్త్రీ చేసినట్టూ చేతులాడించింది.

పెద్దావిడ జాలిగా నవ్వింది. అర్థమైనట్టు లేదు.

చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. లోపలి జేబులో చేయి పెడితే కాగితం ఒకటి తగిలింది. దాని మీద హ్యాంగరుకు వేలాడే చొక్కా బొమ్మ. కింద ఎవరో పెన్నుతో రాసిన రెండు వరుసలు. లాండ్రీ రసీదు. పిచ్చుకకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఇదిగో, ఇక్కడికే. ఇల్లు కూడా అక్కడే" అని రెండు చేతులూ ఇంటి కప్పులా కలిపి చూపించింది.

పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుని, పెన్నుతో రాసిన వరుసలను వేలు పెట్టి చదివింది. ముఖం విప్పారింది. అల్లిక సంచిలో పడేసి, పిచ్చుక చేయి పట్టుకుని లేచింది.

రెండు బస్సులు మారారు. రెండో బస్సులో ఆవిడ నారింజ ఒలిచి సగం చేతిలో పెట్టింది.

"మీ కడుపు చల్లగా ఉండాలమ్మా. చూడండి, అక్క నన్ను చూడగానే ఏడుస్తుంది. నేను మాత్రం ఏడవను" అని నవ్వింది పిచ్చుక. ఒక్క ముక్కా తెలియకపోయినా పెద్దావిడా నవ్వింది.

ఈ దారిలోనూ వంతెన రాలేదు. దారి తెలిసినావిడ చేయి పట్టుకున్నాక తనకెందుకు దిగులు అనుకుంది.

చెట్లు బారులు తీరిన వీధి. ఎన్నడూ చూడని వీధి. తెల్ల గేటు. లాండ్రీకి ఇది వెనక వైపేమో. పెద్దావిడ బెల్లు నొక్కి, కన్నకూతురికి సర్దినట్టు పిచ్చుక జుట్టు సర్దింది.

తలుపు తీసినావిడ, తన ఇంటి చిరునామా రాసి ఉన్న ఆ రసీదు అందుకుని, పెద్దావిడకు పదేపదే కృతజ్ఞతలు చెప్పి సాగనంపాక, ఎనిమిది నెలల కిందట రాత్రివేళ తెచ్చుకున్నప్పటి నుంచీ తను గడప దాటనివ్వని పనిమనిషి ఆ పొద్దున వెనక సందులోకి దూకి పారిపోయిన వంటింటి కిటికీకి చెక్కలు కొడుతున్న వడ్రంగిని పిలిచి, వీధి తలుపుకు ఇంకో గడియ బిగించమంది.