ఇంజన్ చల్లారేదాకా

"పొయ్యొద్దు!"

ఆనందం ఒక్క దూకులో వచ్చి భీమమ్మ చెయ్యి పట్టుకున్నాడు. చెంబులో నీళ్ళు సగం అతని చొక్కా మీద, సగం రోడ్డు మీద పడ్డాయి.

"ఏమప్పా, మండిపోతాండాదని రవ్వన్ని నీళ్ళు పోద్దామనుకుంటే ఇట్ల మీద పడతావు?" అంది చలిపందిరి ముసలామె.

"కాలిన పెంకు మీద చన్నీళ్ళు పోస్తే ఏమైతాది అవ్వా?"

"పగులుతాది."

"ఇదీ అంతే. ఇంజన్ పగిలిందంటే మా పెద్ద ఈరన్న నన్ను పనిలో నుంచి తీసేస్తాడు."

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత మోటారు సైకిలు అది. కర్నూలు నుంచి కోడుమూరులో పెద్ద ఈరన్న డేరా సినిమాకు దాని మీదే రీళ్ళ పెట్టెలు చేరవేస్తాడు ఆనందం. మే నెల ఎండ. పైగా వెనక గాలి. బండి ఎంత జోరుగా పోతే గాలీ అంతే జోరుగా వెంట వచ్చింది గాని, ఇంజనుకు ఎదురు తగల్లేదు. చలిపందిరి దగ్గరికి వచ్చేసరికి మాడు వాసన కొట్టి ఆగిపోయింది. పొద్దు గూకేలోగా పెట్టెలు చేరకపోతే డేరా నిండా కూచున్న జనం ఊరుకోరు.

ఆనందం బండిని గాలికి ఎదురుగా తిప్పి నిలబెట్టాడు. తుమ్మపుల్ల విరిచి, ఇంజన్ చుట్టూ ఉన్న ఇనుప రెక్కల సందుల్లో నూనెతో గట్టిపడిన దుమ్మును గీకసాగాడు.

"ఈ సందుల్లో గాలి ఆడితేనే చల్లారేది. ఇంగ గంటన్నా పడతాది."

"పట్టనీలే. బస్సులు ఈడ నిలబడవు. నిలబడినోళ్ళు గూడా నీళ్ళు తాగి పోతారు గాని, మాట్లాడరు." భీమమ్మ చెంబు మళ్ళీ ముంచి ఈసారి అతని దోసిట్లో పోసింది. "ఆ పెట్టెల్లో ఏముండాది?"

"సినిమా బొమ్మ."

"ఏం కత? చెప్పు నాయనా. డేరా దాకా పోయి చూసే ఓపిక నాకు యాడుండాది?"

ఆనందం ఇంకో సందులోకి పుల్ల దూర్చాడు. పుల్లతో గీకుతూ, ఆమె వైపు చూడకుండానే మొదలుపెట్టాడు.

"ఒకాయనుండాడు. ఊర్లెంబడి తిరిగే పని. పది నాళ్ళకొకసారి ఇంటికొస్తాడు. ఒక రోజు వచ్చేసరికి ఇంటికి తాళం. పెండ్లాం రాజంపేటకు, అమ్మగారింటికి ఎల్లిపోయింది. గోడలతో మాట్లాడి మాట్లాడి యాష్టకొచ్చిందని పక్కింటోళ్ళకు చెప్పి పోయింది."

"పోయి పిల్చకరాలేదా?"

"పోయినాడు. వీధి మొగదాల దాకా పోయినాడు. ఆయమ్మి వాకిట్లో కూసోని మిరపకాయలు తొడిమలు తీస్తా, పక్కనామెతో నవ్వుతా మాట్లాడతాండాది. తనింట్లో అట్ల నవ్వింది ఆయప్ప ఎప్పుడూ చూడలేదు. యనక్కి తిరిగొచ్చేసినాడు."

"ఎన్నాళ్ళాయ?"

"రెండేండ్లు."

"మొద్దోడు!" భీమమ్మ చెంబును నేల మీద టక్కున పెట్టింది. "ఆయమ్మి ఏ పక్క తిరిగి కూసోనుండాది? ఇంటి పక్కకా, దావ పక్కకా?"

పుల్ల ఆగింది. ఆనందం చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. ఎండలో రోడ్డు తప్ప అక్కడ ఇంకేమీ లేదు.

"దావ పక్కకే."

"మరింకేం! దావ చూస్తా కూసున్నదాన్ని యాడైనా ఇడిసిపెట్టొస్తారా? ఆకర్న ఏమైతాది? పోతాడా?"

"తెలీదవ్వా. ఆకరి రీలు నేను చూడలేదు."

అరచెయ్యి ఇంజన్ మీద పెట్టాడు. చెయ్యి అక్కడే నిలిచింది. చల్లారిపోయింది. పెట్టెల తాళ్ళు బిగించి, బండెక్కి తన్నాడు. రెండో తన్నుకు ఇంజన్ అందుకుంది.

"వస్తా అవ్వా. వచ్చే వారం ఈ దావనే వస్తా. ఆకరి రీలు చూసొచ్చి చెప్తాలే."

ఇంజన్ చప్పుడులో వినిపించదేమోనని భీమమ్మ అతని చెవి దగ్గరికి వంగింది.

"నిన్న మీ డేరావాళ్ళు తప్పెట కొట్టుకుంటా ఈడికి నీళ్ళకొచ్చినారు నాయనా. ఈ పొద్దు ఆడేది ఆంజనేయస్వామి బొమ్మంట గదా." ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు చెప్పిన కతలో ఒక్క కోతి గూడా రాకపాయనే!"