గంట కొట్టని సరంగు

"ఒక్క మాట మాట్లాడు అన్నా. నోటి ముత్యాలు రాలిపోతయా?" అన్నాడు ఇస్రాయేలు, రేవుకు కట్టిన తాడు విప్పుతూ.

లాంచి నడిపే సరంగు మల్లికార్జున్ చక్రం మీంచి చెయ్యి తియ్యలేదు. "గాయనతోని నాకు మాటల్లేవు. ముందుకు పోనియ్యమని నువ్వే చెప్పు, పో."

ఇస్రాయేలు ఉసూరుమంటూ ఇంజిన్ గది మూత దగ్గరికి వెళ్లి, కింద ఇంజిన్ నడిపే డ్రైవర్ భిక్షానికి ఒక వేలు చూపించాడు. ఒక వేలంటే ముందుకు, రెండంటే వెనక్కి, పిడికిలంటే ఆపమని. సోమశిల రేవులో మిగతా లాంచీలన్నిటిలో ఈ పనికి సరంగు కొట్టే గంట ఉంది. ఇందులోనూ ఉండేది. ఎనిమిది నెలల కిందట భిక్షంతో గొడవపడ్డ రోజే మల్లికార్జున్ దాన్ని పీకి కృష్ణలో పడేశాడు. గొడవ దేనికో ఇద్దరూ చెప్పలేదు. అప్పట్నుంచి ఇస్రాయేలుకు తాడు పని కంటే రాయబారం పనే ఎక్కువైంది.

పదిహేనేళ్లు ఒకే గిన్నెలో తిన్నారు ముగ్గురూ. ఇస్రాయేలు పెళ్లిలో గరిటె పట్టింది ఆ ఇద్దరే. ఇప్పుడు భిక్షం ఇంజిన్ గది విడిచి రాడు. పలకరించినా పలకడు, అలిగిన అల్లుడిలా మొహం తిప్పుకుంటాడు.

ఆ రోజు ఆఫీసరు దివాకర్ తనిఖీకి వస్తే ఇస్రాయేలు ఉండబట్టలేక చెప్పేశాడు. "సార్, వీళ్లిద్దరిని జర కలుపుండ్రి. మీ మాట కాదనరు."

దివాకర్ ఇంజిన్ ఆపించి భిక్షాన్ని పైకి రప్పించాడు. "పెద్దోడివి, సరంగును ముందు నువ్వే పలకరించు."

భిక్షం నోరు విప్పలేదు. ఆఫీసరు మొహంలోకి చూశాడు, తర్వాత ఇస్రాయేలు చేతులవైపు చూశాడు. రెండోసారి అడిగినా అంతే.

"ఇంత పొగరా? కలిసి పనిచెయ్యలేనివాళ్లను ఒక్క లాంచిలో ఉంచను. రేపట్నుంచి నువ్వు పెద్ద లాంచికి పో." దివాకర్ కాగితం రాసి అతని చేతిలో పెట్టి దిగిపోయాడు.

మల్లికార్జున్ రేవు మెట్ల దాకా ఆయన వెంటపడ్డాడు. "తప్పంతా నాదే సార్, నన్ను తీసెయ్యుండ్రి. గాయన రెండేండ్లల్ల కొలువు దిగిపోయే మనిషి, బిడ్డ మంజులత చదువు మధ్యల ఉన్నది." ఆయన వినలేదు. మల్లికార్జున్ తిరిగొచ్చి తాడు చుట్ట మీద కూలబడి ఏడ్చాడు.

భిక్షం కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, టిఫిన్ డబ్బా తెచ్చుకోవడానికి కిందికి దిగాడు.

ఇస్రాయేలుకు ఏమీ అర్థం కాలేదు. "నేను మంచికే చెప్పిన అన్నా," అన్నాడు మల్లికార్జున్‌తో.

"తెలుసు తమ్మీ. పెద్ద లాంచిల గంట కొడ్తరు గద."

"కొడితే ఏమైతది?"

"భిక్షమన్నకు చెవులు పోయి ఎనిమిది నెలలాయె."