జాజ్ వారానికి ఒక శ్రోత

“రాత్రి రెండంటే రెండే ఫోన్లొచ్చినయి సుచరితా,” అన్నాడు దయానంద్, టేబుల్ ఫ్యాన్‌ను తన వైపు తిప్పుకుంటూ. “ఒకాయన రేడియో ఖరాబైందా అని అడిగిండు. ఇంకొకాయన వడ్ల ధర చెప్పుమన్నడు.”

“ఇద్దరు విన్నట్టే గద సార్.”

బాన్సువాడలోని ఆ చిన్న రేడియో స్టేషన్‌కు దయానంద్ మేనేజరు. అనౌన్సర్ సుచరిత ఆరు నెలలు వెంటపడితే, పోరు పడలేక ఒక్క వారం ఒప్పుకున్నాడు. జాజ్ వారం. రాత్రి తొమ్మిదికి మొదలు, రోజుకొక కొత్త ఆల్బం, మధ్యమధ్య సుచరిత తెలుగులో నాలుగు మాటలు. నిన్న సోమవారంతో మొదలైంది.

ఆమె పట్టుదలకు కారణముంది. తండ్రి బాలరాజ్ పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. బారాత్ ముగిసి ఇంటికొచ్చాక, ఏ సినిమాలోనూ లేని వరసలు తనకు తోచినట్టు వాయించుకునేవాడు. “పైసలిచ్చేది సినిమా పాటకు, గీ పిచ్చి కూతలకు కాదు” అని బ్యాండు మేస్త్రీ తిట్టేవాడు. అలాంటి వాయింపుకు లోకంలో ఒక పేరుందని సుచరితకు హైదరాబాదులో చదువుకునేటప్పుడు తెలిసింది. చెబుదామంటే అప్పటికి తండ్రి లేడు. ఆ బాధ ఆమెకు ఇంకా పోలేదు.

“శనివారం దాకా చూస్త,” అన్నాడు దయానంద్. “ఎరువుల దుకాణమాయన ఆ టైంల సినిమా పాటలు పెడితే అడ్వర్టైజ్‌మెంట్ ఇస్తనంటుండు. నీ దోస్తులు, చుట్టాలు కాకుండ ఒక్క మనిషి, తనంత తానొచ్చి గీ పాటలు కావాలని అడగాలె. అట్లయితే నడిపిద్దాం. లేదంటే బందు.”

అప్పుడే ఫోను మోగింది. రుద్రూర్ దిక్కు ఉండే శివరాం అనే రైతు.

“రాత్రి బూర ఊదింది మీ రేడియోలనేనా బిడ్డా?”

“మాదే కాకా. దాన్ని శాక్సఫోన్ అంటరు.”

“ఏదైతేంది. మస్తు పనిచేసింది. ఇయ్యాల గూడ ఉంటదా?”

జాజ్ గురించి పండితులు రాసినవి సుచరిత బోలెడు చదివింది. పనిచేసిందన్నవాడు ఒక్కడూ లేడు. ఆ మాట ఆమెకు తెగ నచ్చింది. దయానంద్ మాత్రం ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని ఫైళ్ళలో తల దూర్చాడు.

అప్పట్నుంచి శివరాం రోజూ పొద్దున్నే ఫోన్ చేసేవాడు. రాత్రి విన్నది రాత్రే చెప్పడు. తెల్లవార్లూ మనసులో నానబెట్టి చెప్పే రకమని సుచరిత లెక్క వేసుకుంది. బుధవారం ఆమె బూరలు పక్కన పెట్టి, మంచు కురిసినట్టు సాగే పియానో ఆల్బం వేసింది. గురువారం శివరాం గొంతు పీలగా ఉంది.

“నిన్న గదేంది బిడ్డా, గట్ల మెల్లగ పెట్టినవు? మాకు శాన నష్టమైంది.”

సుచరిత గుండె కలుక్కుమంది. “ఏడుపొచ్చిందా కాకా?”

“రాదా మరి? మా ఆడామె పొద్దటి సంది ఏడుస్తనే ఉంది.”

ఒక్క పియానోకు ఇంటిల్లిపాదీ కరిగిపోయారంటే మాటలా? ఆ రాత్రి ఆమె వాళ్ళను ఊరడించడానికి డ్రమ్ములు దంచే ఆల్బం వెతికి మరీ వేసింది. శుక్రవారం శివరాం తేరుకున్నాడు.

“గిది మంచిగున్నది. కని మల్ల ఇదే వెయ్యకు. ఒక్క తీరుగుంటే అలవాటైతది. రోజు కొత్తది వడాలె. ఎప్పుడేమొస్తదో తెల్వద్దు. అదిరిపడాలె.”

జాజ్ అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదని సుచరిత ఆ మాటల్ని ఆ రాత్రే రేడియోలో చదివి వినిపించింది. అంతకుముందు ఫోన్‌లోనే అసలు సంగతి అడిగింది. “కాకా, మీరు రేపు ఒక్కసారి స్టేషన్‌కు రావాలె. లేకుంటే ఇది బందైతది.”

“బందైతే ఎట్ల బిడ్డా? వస్త.”

శనివారం అన్నట్టుగానే వచ్చాడు, భుజాన సంచీ నిండా లేత మక్క కంకులతో. సంచీ దయానంద్ టేబుల్ మీద పెట్టి చేతులు జోడించాడు.

“బందు వెట్టకుండ్రి సారు. గిది బందైతే మా బతుకు ఆగమైతది.”

దయానంద్ కళ్ళజోడు తీశాడు. ఆ స్టేషన్‌లో ఏ పాట గురించీ, ఆఖరికి సినిమా పాట గురించి కూడా, ఆయన అంత మాట వినలేదు.

“సుచరిత మీకు చుట్టమా?”

“ఇప్పుడే సూస్తున్న సారు.”

“ఎన్ని దినాలు నడిపియ్యాలె మరి?”

“కోతల దాంక నడిస్తె చాలు. ఇంకో నెల.”

రైతులు కాలాన్ని పంటలతోనే కొలుస్తారు. దయానంద్ అక్కడికక్కడే ఎరువుల దుకాణానికి ఫోన్ చేసి, ఆ టైం ఖాళీ లేదని చెప్పేశాడు.

సుచరితకు కళ్ళు చెమర్చాయి. పిచ్చి కూతలని తిట్టిన మేస్త్రీ ఇప్పుడు ఇక్కడుంటే బాగుండుననిపించింది. తన చేత్తో టీ తెచ్చి శివరాంకు ఇచ్చింది.

“ఇంట్ల అందరు కూసోని ఇంటరా కాకా?”

“ఇంట్లెవలింటరు బిడ్డా? రేడియో చేన్ల గుంజకు కట్టి ఉంటది.”

“మరి చేన్ల ఎవరుంటరు?”

“మొన్నటిదాంక నేనే కావలి పండుకుంటుంటి. ఇప్పుడు ఆ ఫికర్ లేదు.” శివరాం టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

“మీ బూరకు ఒక్క అడివిపంది గూడ నిలుస్తలేదు.”