గోడలో మెత్తని చోటు

“ఎన్నొద్దులు పడ్తదిరా?”

జగపతి దొర అడిగితే ఓదెలు గడీ వెనక, వానలకు కూలిన పాత గోడ ముందు గొంతుకూచుని కళ్ళు సగం మూశాడు. కట్టబోయే గోడను ముందు మనసులో కట్టి చూసుకోవడం ఆ మేస్త్రీ అలవాటు. రాళ్ళు వాటంతటవే లేచి వరసలు కట్టాయి. సున్నం ఆరింది. గోడ మీద ఎండ పడింది. అప్పుడు కళ్ళు తెరిచాడు.

“నూరు గజాలు దొరా. ఆరుగురు పనోళ్ళు, ఒక సున్నం గానుగ. నెలా పది దినాలు.”

“నెల లోపల కావాలె. సంగపోళ్ళు ఎప్పుడొచ్చి మీద పడ్తరో! గోడ లేస్తె ఈడి తుపాకులోళ్ళను పెద్ద దర్వాజాకు పంపుత.”

“అయితె ఇంకో తీరు జేద్దాం. లోపటి మొఖానికి, బయటి మొఖానికి సున్నపు గచ్చు. నడుమ మట్టి. సున్నం సగమే పడ్తది, గానుగ కాడ ఆగే పని ఉండది.”

వెట్టికి తెచ్చిన మేస్త్రీ తన మేలు కోరుతున్నాడని దొర మురిసిపోయాడు పాపం!

ఆ ఉపాయం దొరల మీద తిరగబడిన సంగం వాళ్ళది. ఊరి జొన్నలన్నీ లెవీ పేరుతో గడీ గాదెల్లోకి చేరాయి, ఊళ్ళో పొయ్యిలు ఆరిపోయాయి. వెనక గోడలో ఒకచోట, మనిషి పాకేంత మేర, రాయి లేకుండా ఉత్త మట్టి పెట్టి పైన చివర్లో గచ్చు పూస్తే చాలు, రాత్రి అందులోంచి దూరి జొన్నలు తెచ్చుకోవచ్చు. బయటపడితే ఓదెలు ప్రాణం పోతుంది. ఈ సంగతి సున్నం మోసే అతని భార్య కొమురమ్మకు తప్ప పనివాళ్ళెవరికీ తెలియదు.

పని మొదలైంది. గానుగలో బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిసిన సున్నం తియ్యగా వాసన వేసేది. మధ్యాహ్నాలు తెల్లటి దుమ్ము లేచి గడీ అంతా కలలోలాగా కనిపించేది. ఆ దుమ్ములోంచే రోజూ దొరసాని కమలాదేవి వచ్చేది. పెళ్ళై వచ్చిన పన్నెండేళ్ళలో ఆమె గడీ దాటగా ఊళ్ళో ఎవరూ చూడలేదు.

“ఈ గోడవతలి తుప్పలు దాటితె ఏమొస్తది?” అని అడిగింది ఒకరోజు.

“బండ్ల బాట, దొరసానీ. జనగామ టేషనుకు పోతది.”

మరోరోజు తడి గచ్చు మీద వేలు పెట్టింది. “ఇది ఎప్పటికి గట్టి పడ్తది?”

పని గురించి అడిగితే ఓదెలుకు అబద్ధం రాదు. “పది దినాలు దాటితె గడ్డపార కావాలె. అందాంక గోరుతోటి గీకినా రాల్తది.”

ఆమె అటు వెళ్ళగానే కొమురమ్మ తట్ట దించింది. “ఆమెకు అనుమానమొచ్చింది. దొర తోలుతున్నడు ఆమెను. పారిపోదాం పా!”

“నడుమల ఇడిచిపోతె దొరకు ఇయ్యాల్నే తెలుస్తది. ఊరి తిండి పోతది,” అన్నాడు ఓదెలు.

ఇరవై ఎనిమిదో రోజు మిట్టమధ్యాహ్నం గోడ పూర్తయింది. దొర చూడవచ్చాడు. వెంట కమలాదేవి.

“రోజూ సూస్తనే ఉన్నవు గద. ఎట్లున్నదో నువ్వే చెప్పు,” అన్నాడు నవ్వుతూ.

ఆమె వేలి కణుపులతో గోడను తడుతూ నడిచింది. టక్, టక్. మెత్తని చోట మోత మారింది. ఆగింది. మళ్ళీ తట్టింది. కొమురమ్మ కళ్ళు మూసుకుంది.

“ఏమైంది?” అన్నాడు దొర.

“ఏం లేదు. ఈడ ఇంకా గట్టిగున్నది.”

దొర సంబరపడి, వెనక కాపలా ఉన్న తుపాకుల వాళ్ళను పిలుచుకుని పెద్ద దర్వాజా వైపు వెళ్ళిపోయాడు.

ఓదెలు చేతులు జోడించాడు. “బాంచెను దొరసానీ, మీకు ఎరుకైంది గద! దొరకెందుకు చెప్పలె?”

కమలాదేవి మెత్తని చోట గోరుతో గీకింది. రాలిన సున్నాన్ని అరచేతిలోకి తీసుకుంది.

“గచ్చు ఆరకముందే నేను పోవాలె.”