తొమ్మిదో సంతకం

కాగితం మీద ఎనిమిది సంతకాలున్నాయి. తొమ్మిదోది ఆమె పెట్టాలి. మూడు రోజులుగా ఆ కాగితం ఆమె హ్యాండ్‌బ్యాగులోనే నలుగుతోంది.

ఆమె కొడుకు చదివే బడిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు తొమ్మిది మంది. వాళ్లకో టీచరు. పక్క పేట బడిలో అలాంటి పిల్లలు ఇరవై ముగ్గురు. అక్కడా ఒక్క టీచరే. ఇంకో మనిషిని ఇవ్వండి మహాప్రభో అని ఆ టీచరు మూడేళ్లుగా అర్జీలు పెట్టగా పెట్టగా, విద్యాశాఖ ఆఫీసు ఇప్పటికి కదిలింది. కొత్త పోస్టుకు నిధుల్లేవు కాబట్టి ఇక్కడి టీచరునే అక్కడికి పంపేస్తామంది. తొమ్మిది మంది పిల్లల తల్లిదండ్రులూ వద్దని రాసిస్తే ఆగుతారట. ఒక్క సంతకం తగ్గినా ఆగరు. ఏ పేట పిల్లలు ఆ పేట బడిలోనే చేరాలన్నది రూలు కనక, ఇక్కడి టీచరు వెళ్లిపోతే ఆమె కొడుకు బుడ్డోడికి ఇంకో దారి లేదు.

"పోతే పోనీ, పీడా వదులుతుంది," అనుకుంది ఆమె.

ఆ టీచరు పేరు తలుచుకోవడం కూడా ఆమెకు ఇష్టం లేదు. మనసులో ‘మహాతల్లి’ అని పెట్టుకుంది. ఆ మహాతల్లికి పాతికేళ్లు కూడా ఉండవు. కాంట్రాక్టు ఉద్యోగం. వచ్చి మూడు నెలలైంది.

బుడ్డోడికి ఏడేళ్లు. ఇన్నేళ్లలో నోరు తెరిచి ఏదీ అడిగి ఎరగడు. దాహమేస్తే అమ్మ చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్లేవాడు. ఆమె చేయని ప్రయత్నం లేదు. బొమ్మలు చూపించింది, పాటలు పాడింది, ఎదురుగా కూర్చుని దవడలు నొప్పెట్టేదాకా వాగింది. వాడు ఉలకడు, పలకడు. అలాంటివాడు కిందటి సోమవారం "నీళ్లు కావాలి" అన్నాడు. అన్నది అమ్మతో కాదు. మహాతల్లితో.

ఆ కబురు విని ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, ఆమెకు ఒళ్లు భగ్గుమంది. ఏడ్చేసింది కూడా. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నారు అందరూ.

ఇంట్లో అత్తగారు ఊరుకుంటేనా!

"ఆ పిల్ల చేతిలో ఏం మహిమ ఉందో గానీ, మూడు నెలల్లో వీడి చేత మాట్లాడించింది. బంగారుతల్లి!"

"మహిమా లేదు, మన్నూ లేదు అత్తయ్యా. జీతం తీసుకోవట్లేదూ?" గిన్నె ఠంగున బోర్లించింది కోడలు.

"జీతం అందరూ తీసుకుంటారమ్మా. అందరూ మాట్లాడిస్తారా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆ పూట ఆమె అన్నం సగంలోనే లేచింది.

మర్నాడు బుడ్డోణ్ణి బడిలో దింపుతూ మహాతల్లినే అడిగేసింది.

"అసలు మీరేం చేశారండీ వాణ్ణి?"

"ఏం లేదండీ. గ్లాసు వాడికి కనపడేలా, అందకుండా పెడతాను. పది లెక్కపెట్టుకుంటూ ఆగుతాను. వాడు ఏదో ఒకటి అన్నాకే ఇస్తాను. అయినా ఇదంతా ఇన్నేళ్లు మీరు పడ్డ కష్టమే. నేను చేసిందేముంది?"

ఇలాంటి ఓదార్పు మాటలు ఆమెకు కంఠతా వచ్చు. వాటి విలువెంతో కూడా తెలుసు.

"ఆ పద్ధతి నాకూ తెలుసు," అంది ముక్కుపుటాలు అదురుతుంటే.

"తెలిసినా మీరు ఆగలేరండీ. అమ్మ కదా," అని నవ్వింది మహాతల్లి.

పెళ్లయినా కాని పిల్ల, అమ్మతనం గురించి తనకు చెప్పొచ్చిందా? వెళ్లనీ పక్క పేటకు. ఇరవై ముగ్గురి మధ్య పడితే తెలిసొస్తుంది, ఎంతమంది ముందు కూర్చుని పది లెక్కపెట్టగలదో. దారి పొడుగునా అదే కసి ఆమెకు.

సాయంత్రం ఇంట్లో బుడ్డోడు ఎప్పటిలాగే వచ్చి ఆమె చెయ్యి లాగాడు. ఆమె గ్లాసు నింపి బీరువా మీద పెట్టింది. వాడి ముందు కూర్చుని లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వాడి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఐదు అనకముందే గ్లాసు వాడి నోటి దగ్గరుంది.

కాసేపాగి మళ్లీ ప్రయత్నించింది. ఆరు దాకా వచ్చింది. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మళ్లీ ఓడిపోయింది.

మూడోసారి గ్లాసు నింపనే లేదు. గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. మహాతల్లి చెప్పింది నిజం. ఆ నిజం ఆమెకు ఇంకా మంట పుట్టించింది.

పొద్దున్నే కాగితం పట్టుకుని హెడ్మాస్టరు గదికి వెళ్లింది. ఆయన ఈ బడికి బదిలీ మీద వచ్చి వారం కాలేదు. పిల్లల మొహాలే ఇంకా గుర్తుపట్టలేకపోతున్నాడు, తల్లిదండ్రుల సంగతి చెప్పనక్కర్లేదు.

"తెచ్చారా, బతికించారు! మీరు పెట్టరేమో అనుకున్నానమ్మా."

"నేనూ అదే అనుకున్నానండీ."

పెన్ను తీసుకుంది. కిటికీలోంచి మహాతల్లి కనిపిస్తోంది. బుడ్డోడు ఆమె చున్నీ పట్టుకుని ఏదో అంటున్నాడు. ఏమన్నాడో ఇక్కడికి వినపడలేదు. అసూయ ఆవగింజంతైనా తగ్గలేదు. అలాగే సంతకం పెట్టేసింది.

హెడ్మాస్టరు కాగితాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నాడు.

"మన పిల్లలు గట్టెక్కారు. పాపం, పక్క పేట బడి టీచరు ఎవరో గానీ, ఇది తెలిస్తే మనల్ని ఎన్ని తిట్లు తిడుతుందో!"

"తిట్టనివ్వండి," అని ఆమె వాచీ చూసుకుని, బస్సు కోసం పరుగు తీసింది.

పావుగంట ఆలస్యంగా, ఆయాసపడుతూ పక్క పేట బడికి చేరి తన తరగతి గది తాళం తీస్తుంటే, మాటలు వచ్చినవాళ్లు "టీచర్!" అని అరుస్తూ, రానివాళ్లు కొంగు పట్టి లాగుతూ, ఇరవై ముగ్గురూ ఒక్కసారిగా ఆమె మీద పడ్డారు.