పులిపిరి చక్రవర్తి

"రోమును ఏలినవాడికి ముక్కు మీద పులిపిరా? ఎక్కడ చూశావయ్యా ఆ నాణెం?"

పదేళ్లుగా ఓర్సీనో పండితుడిది ఇదే ప్రశ్న. చిత్రకారుడు లత్తాంజియోది ఇదే జవాబు: "తివోలీ ఊళ్లో. ఒక తోటమాలి చేతిలో. మళ్లీ కనబడలేదు."

లత్తాంజియో సామాన్యుడు కాదు. ప్రాచీన నాణేల మీద బొమ్మలతో సహా బండెడు పుస్తకం రాశాడు. చక్రవర్తుల్లో ఒక్కణ్ణీ వదిలిపెట్టలేదు. ఇరవై రోజులే ఏలి, ఎవరికీ ఒక్క నాణెమైనా దొరక్కుండా పోయినవాడికి కూడా నలభయ్యో పేజీలో నిండైన బొమ్మ వేశాడు. ఆ పులిపిరిలోనే వాడి క్రూరత్వమంతా ఉందని నాలుగు పేజీలు వివరించాడు. చదివినవాళ్లు తలలూపారు. పులిపిర్లున్నవాళ్లు కాస్త భయపడ్డారు.

చివరికి లత్తాంజియోను ఇంట పెట్టుకుని పోషిస్తున్న మతపెద్ద కార్డినల్‌గారికీ విసుగొచ్చింది. "ఈస్టర్ లోపల ఆ నాణెం చూపించు. లేదా నీ పుస్తకం పట్టుకుని నా ఇంట్లోంచి బయల్దేరు" అన్నారు. లత్తాంజియో తిండి, గది, గౌరవం అన్నీ ఆ ఇంటివే. పాపం, మనిషి సగమైపోయాడు.

ఈస్టర్ రెండు రోజులుందనగా పాత వస్తువులమ్మే నార్దో కార్డినల్‌గారి దగ్గరికి వచ్చాడు. చేతిలో మట్టి పట్టిన రాగి నాణెం.

"ద్రాక్షతోటలో దొరికింది స్వామీ. నాకు చదువు రాదు గానీ, లత్తాంజియో గురువుగారి పుస్తకంలో బొమ్మలు చూస్తుంటా. అందుకే ఇట్టే గుర్తుపట్టా."

పుస్తకం తెచ్చి పక్కన పెట్టి చూశారు. అదే గడ్డం, అదే మెడ, అదే పులిపిరి. ఓర్సీనో అంతటివాడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"క్షమించు లత్తాంజియో. నిన్ను అబద్ధాలకోరువన్నాను. నా నోరు పడిపోను!"

"నువ్వు చెప్పవయ్యా, అసలుదేనా?" అడిగారు కార్డినల్.

లత్తాంజియో మొహం పాలిపోయింది. నాణేన్ని తిప్పి తిప్పి చూశాడు. నార్దో వంక చూశాడు. నార్దో ఎంతో వినయంగా నవ్వాడు.

"అసలుదే, ఏలినవారూ" అన్నాడు గొంతు పెగుల్చుకుని.

ఆనందంతో మాట రావడం లేదనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. "ఈస్టర్ నాడు ఊరందరికీ చూపిద్దాం" అన్నారు కార్డినల్.

లత్తాంజియో తిన్నగా చేపల బజారుకు పరుగెత్తి, పదేళ్ల కిందట ఆ నలభయ్యో పేజీ బొమ్మ కోసం తన ఎదుట పీట మీద కూర్చున్న చేపలమ్మే చెక్కో కాళ్లు పట్టుకుని, ముక్కు మీది పులిపిరిని ఈస్టర్‌లోగా కోయించుకోమని బతిమాలాడు.