బాధితుడూ అతనే, ముద్దాయీ అతనే

"ఈ వారం నాచేత ఏం నేరం చేయిస్తారమ్మా?" అంటూ వెర్న్ ఆస్ట్రాండర్ కుర్చీలో కూలబడ్డాడు. "పోయినసారి గుర్రాన్ని దొంగిలించానన్నారు. గుర్రమంటే నాకు చచ్చేంత భయం!"

క్లాసంతా నవ్వింది. బ్రెన్నా కోవాలిక్ నవ్వలేదు.

ఒహైయోలోని ఆ కమ్యూనిటీ కాలేజీకి ముసలి వెర్న్ ప్రతి శనివారం వస్తాడు. పొద్దున అగ్నిమాపక కోర్సు వాళ్లకి బాధితుడు. ఉత్తుత్తి పొగ నింపిన శిక్షణ ఇంట్లో పడుకుంటే, విద్యార్థులు వెతికి బయటికి ఈడ్చుకొస్తారు. మధ్యాహ్నం పోలీసు కోర్సు వాళ్లకి ముద్దాయి. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తారు. ఇందుకు అతనికి దక్కేది క్యాంటీన్లో ఓ గిన్నె బీన్స్ సూపు, కాఫీ.

ఇదివరకు ఏం చేసేవాడివని అతన్ని ఎవరూ అడగలేదు.

రెండు కోర్సులూ చదివేది బ్రెన్నా ఒక్కతే. పగకీ పెట్టుబడి కావాలి మరి.

ఆమెకు నాలుగేళ్లప్పుడు ఈ ఊళ్లోనే వాళ్ల ఇల్లు తగలబడింది. మేడ మీద అన్న టోబిన్ అరుస్తూనే ఉన్నాడట. లోపలికి వెళ్లిన ఫైర్‌మన్ వాణ్ణి వదిలేసి బయటికొచ్చేశాడట. టోబిన్ దక్కలేదు. తనను పక్కింటి హార్లన్ కిటికీలోంచి దింపాడని అమ్మ చెప్పేది. ఫైర్‌మన్ పేరు అడిగితే మాత్రం తెలియదనేది. ఆ ఏడే వాళ్లు ఊరు మారిపోయారు.

ఆ ఫైర్‌మన్ చేయాల్సిన పని ఏమిటో నేర్చుకోవడానికి ఒక కోర్సు. వాడు దొరికాక నిజం కక్కించడానికి ఇంకొకటి. బ్రెన్నా లెక్క అది.

కేసును విద్యార్థే కల్పించుకోవాలి. ఆ రోజు బ్రెన్నా ఏమీ కల్పించలేదు.

"నువ్వు ఫైర్‌మన్‌వి. మేపుల్ వీధిలో ఇల్లు తగలబడుతోంది. తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి లోపలే వదిలేసి బయటికొచ్చావు."

వెర్న్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"గుర్రమే నయం. ఇంకేదైనా ఇవ్వకూడదూ?"

"అప్పుడే వణుకా తాతా?"

"సరే. అడుగు."

"పిల్లాడి అరుపు వినిపించిందా?"

"వినిపించింది."

"అయినా వచ్చేశావు."

"వచ్చేశాను."

"మళ్లీ లోపలికి వెళ్లొచ్చుగా?"

"వెళ్లాను. అప్పటికే మెట్లు కూలిపోయాయి."

బ్రెన్నా చేతిలో పెన్ను ఆగిపోయింది. మెట్ల సంగతి అమ్మ ఒకే ఒక్కసారి చెప్పింది. తను ఇక్కడ ఎవరితోనూ అనలేదు.

ముసలాయన ముఖంలోకి చూసింది. అతను తల దించుకున్నాడు.

"పిరికివాణ్ణి, అందుకే వదిలేశాను అను," అంది.

"కోవాలిక్, ఇక చాలు," అన్నాడు క్లాసు చెబుతున్న డొనెలీ.

"అడగనివ్వండి సార్," అన్నాడు వెర్న్. ఆమె వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "పిరికివాణ్ణి. వదిలేశాను."

"ఏం నటించావు తాతా!" అంటూ వెనక బెంచీ చప్పట్లు కొట్టింది.

తరవాతి శనివారం పొద్దున శిక్షణ ఇంట్లో ఆమె వంతు వచ్చింది. మాస్కు తగిలించుకుని, పొగలో తడుముకుంటూ మేడెక్కింది. మంచం పక్కన వెర్న్ దొరికాడు.

"ఇక్కడ ఉన్నా పిల్లా. మెల్లగా లాగు, బంగాళాదుంపల బస్తాను కాను."

ఆమె వంగింది.

"నేను టోబిన్ చెల్లెల్ని."

"తెలుసు. మొదటి రోజు నీ పేరు పిలిచినప్పుడే తెలిసింది."

బ్రెన్నా లేచింది. అతన్ని దాటుకుని మెట్లు దిగి బయటికొచ్చింది.

"మేడ మీద ఎవరూ లేరు!" అని అరిచి చెప్పింది.

లెక్క సరిపోయిందనుకుంది.

కాసేపటికి అనుమానమొచ్చి శిక్షకురాలే లోపలికి వెళ్లింది. వెర్న్‌ను భుజం పట్టి నడిపించుకొచ్చింది. అతను దగ్గుతో మెలికలు తిరిగిపోతున్నాడు.

"కోవాలిక్! ఈయన కనబడలేదా నీకు?"

"పిల్లనేమీ అనకండి," అన్నాడు వెర్న్, దగ్గు మధ్యలో. "ఊరుకోలేక నేనే మంచం కిందికి దూరాను."

ఆ అబద్ధం బ్రెన్నాకి ఇంకా మంటెత్తించింది. తిట్టి ఉంటే బాగుండేది. తప్పు తన మీద వేసుకుని, చేతికందిన గెలుపును కూడా లాగేసుకున్నాడు.

ఆ తరవాత వెర్న్ రాలేదు. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయట. వసంతంలో పోయాడు.

ఫైర్‌మన్‌గా పనిచేసినవాడు పోతే అగ్నిమాపక విద్యార్థులంతా యూనిఫాంలో వెళ్లి వరసగా నిలబడాలి. బ్రెన్నా కూడా నిలబడింది, కళ్లలో తడి లేకుండా. పోయిన ఫైర్‌మన్‌కి వీడ్కోలుగా కొట్టే ఆఖరి గంట మోగింది. శవపేటిక దగ్గర నల్లకోటు వేసుకున్న ఒక ఆడమనిషి వెక్కివెక్కి ఏడుస్తోంది.

అమ్మ!

వరస విడిపోగానే బ్రెన్నా పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి? వీడెవడో తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలుసా? మరి నేను ఇన్నేళ్లు అడిగితే..."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. పక్కింటి హార్లన్ కథ కూడా ఆయన కట్టిందే."

"తన పరువు కోసమేగా!"

"నీ కోసం. ఎవరినో ఒకరిని తిట్టుకోక తప్పదు కదా, ఆ తిట్లు నాకే ఉండనివ్వండి, పసిదాని మీదికి పోనివ్వకండి అన్నాడు."

"నన్ను నేనెందుకు తిట్టుకుంటానమ్మా?"

తల్లి పేటిక మీద చెయ్యి వేసింది.

"ఆ పొగలో ఆయనకి ఇద్దరి ఏడుపూ వినిపించిందే బ్రెన్నా, ముందు చేతికి అందింది నువ్వు."